గింజ ఎంతో తెలియకుండా జల్లెడ కొనకూడదు: ఫొటోలో బియ్యాన్ని, నూకల్ని మార్ఫాలజీతో పట్టుకోవడం

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: "బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. నల్లగుడ్డ మీద సాంబ మసూరి బియ్యం పరిచి ఫోన్‌తో ఫొటో తీశాను. ఎన్ని గింజలున్నాయో, వాటిలో నూక ఎంతో ప్రోగ్రాం చెప్పాలి. థ్రెషోల్డ్ పెట్టి కాంటూర్లు లెక్కిస్తే 412 వస్తోంది. చేత్తో లెక్కపెడితే 183. మచ్చలు పోతాయని 5×5 కర్నెల్‌తో మూడుసార్లు ఎరోజన్ చేస్తే 121కి పడిపోయింది, నూకలన్నీ మాయం. మార్ఫాలజీ పాత పద్ధతి, యోలో వాడు అని ఫ్రెండ్స్ అంటున్నారు. రివ్యూకి మూడు వారాలే ఉంది. టెన్షన్‌గా ఉందన్నా."

తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. నువ్వు ఎంచుకున్న దారి సరైనదే. కొలతలు చూసుకోకుండా నడిచావు, అంతే. మూడు వారాలు ఈ పనికి ధారాళంగా సరిపోతాయి. నేను ధాన్యం, పప్పులు, జీడిపప్పు ఫొటోల మీద ఇలాంటి ప్రోగ్రాములు రాస్తూ చాలా ఏళ్లు గడిపాను, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. థ్రెషోల్డ్ అంటే ఇంత వెలుగు దాటితే తెలుపు, లేకపోతే నలుపు అని గీసే గీత. కాంటూరు అంటే ఒక్కో ముక్క చుట్టుగీత. కర్నెల్ అంటే చిత్రమంతా తిప్పే చిన్న ఆకారం. దానితో తెల్ల ముక్కల అంచులు కొరికెయ్యడం ఎరోజన్, పెంచడం డైలేషన్. ఇలా ఆకారాలతో చేసే పనే మార్ఫాలజీ. యోలో అంటే ఉదాహరణలు చూసి వస్తువుల్ని గుర్తించడం నేర్చుకునే మోడల్.

నువ్వు పెట్టిన ఫొటో డౌన్‌లోడ్ చేసి, పెద్దది చేసి, పిక్సెళ్లు లెక్కపెట్టాను. నువ్వు చెయ్యని పని ఇదొక్కటే. మధ్యలో అడ్డంగా పడుకున్న ఒక పూర్తి గింజ సుమారు 50 పిక్సెళ్ల పొడవు, 19 పిక్సెళ్ల వెడల్పు ఉంది. సాంబ మసూరి అంటే బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, మీడియం స్లెండర్ తరగతి బియ్యం. ఆ తరగతికి పొడవు 6 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, పొడవు వెడల్పుకి 2.5 నుంచి 3 రెట్ల మధ్య ఉండాలి. 50ని 19తో భాగిస్తే 2.6. లెక్క కలిసింది. అంటే నీ ఫొటోలో ఒక మిల్లీమీటరుకి దాదాపు 10 పిక్సెళ్లు పడుతున్నాయి. ఇకమీదట తీసే ప్రతి ఫొటోలో ఒక మూలన పది రూపాయల బిళ్ల పెట్టు. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. బిళ్ల ఎన్ని పిక్సెళ్లు వచ్చిందో చూస్తే స్కేలు దొరికినట్టే. ఫోన్ కాస్త ఎత్తులో పట్టుకున్నా, కిందికి దించినా లెక్క చెడదు.

ఇప్పుడు నూక సంగతి. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల్లో పూర్తి గింజలో ముప్పావు వంతు కన్నా చిన్న ముక్కని నూక అంటారు, పావు వంతు కన్నా చిన్నదాన్ని మనం చిన్న నూక అందాం. నీ ఫొటోలో ముప్పావు అంటే 37.5 పిక్సెళ్లు, పావు అంటే 12.5 పిక్సెళ్లు. ఈ రెండు అంకెలూ నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకో. ఇక నుంచి ప్రతి కర్నెల్ సైజునీ వీటి పక్కన పెట్టి చూడాలి.

నువ్వు చేసిన ఎరోజన్‌ని అలా చూద్దాం. 5×5 కర్నెల్‌తో మూడుసార్లు చెయ్యడం అంటే ఒకేసారి 13×13 కర్నెల్‌తో చేసినట్టు. చాలామంది 15 అనుకుంటారు. కాదు, ఒక్కో దఫా ఒక్కో వైపు రెండేసి పిక్సెళ్లు తింటుంది, మూడు దఫాలకి ఆరు, రెండు వైపులా పన్నెండు. దాంతో 12 పిక్సెళ్ల చిన్న నూక ముక్క ఆనవాలు లేకుండా పోతుంది. మిగిలిన గింజల గతి కూడా చూడు. అడ్డంగా ఉన్న పూర్తి గింజ 50×19 నుంచి 38×7కి వచ్చేస్తుంది. 38 అంటే నువ్వు నూకకి గీసుకునే ముప్పావు గీత పక్కనే! ఆ గింజ పుట్టుకతోనే కాస్త పొట్టిదైతే నీ ప్రోగ్రాం దాన్ని నూకల్లో కలిపేస్తుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, నీ కర్నెల్ చతురస్రం. చతురస్రానికి మూలలు ఉంటాయి, మూలల వైపు దాని చేయి పొడుగు. నలభై అయిదు డిగ్రీలు వాలి పడుకున్న గింజని అది ఒక్కో వైపు ఆరు కాదు, దాదాపు ఎనిమిదిన్నర పిక్సెళ్లు తింటుంది. 19లోంచి 17 పోతే మిగిలేది రెండు పిక్సెళ్ల దారం. అది మధ్యలో ఎక్కడో తెగుతుంది కూడా. ఒకే రకం గింజ అడ్డంగా పడుకుంటే బతుకుతోంది, ఏటవాలుగా పడుకుంటే చస్తోంది. ఇలాంటి కొలత మీద ఎవరూ ఆధారపడలేరు. అందుకే గింజలు ఇష్టమొచ్చిన దిక్కుకి తిరిగి ఉండే ఫొటోల్లో గుండ్రటి కర్నెల్ వాడాలి. ఓపెన్‌సీవీ అనే చిత్రాల లైబ్రరీలో మార్ఫ్ ఎలిప్స్ అని దొరుకుతుంది. బేసి సంఖ్యే ఇవ్వు, సరి సంఖ్య ఇస్తే నడిమి పిక్సెల్ ఉండదు, ఫలితం పక్కకి జరిగే ప్రమాదం ఉంది.

అసలు ఎరోజన్ ఒక్కటే చేసి ఆపకూడదు. ఎరోజన్ తర్వాత అదే కర్నెల్‌తో డైలేషన్ చేస్తే దాన్ని ఓపెనింగ్ అంటారు. దీన్ని నేను జల్లెడగానే చూస్తాను. పోలిక కోసం అంటున్న మాట కాదిది, ఈ విద్య పుట్టుకే అలాంటిది. 1964లో ఫ్రాన్స్‌లో ఝాన్ సెర్రా అనే కుర్ర పరిశోధకుడికి లోరెయిన్ ప్రాంతపు ఇనుప ఖనిజం ఇచ్చి, రాయిని సన్నగా కోసిన ముక్కలు చూసి అది మరలో ఎలా నలుగుతుందో ముందే చెప్పగలవా అన్నారు. అతనికి గైడు ఝార్జ్ మాథెరాన్. రాతిలో రేణువుల ఆకారాన్ని కొలవడానికి ఒక చిన్న ఆకారాన్ని పట్టుకుని చిత్రమంతా తిప్పుతూ "ఇక్కడ పడుతుందా, పట్టదా" అని అడగడం వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి. 1968లో ఫాంటెన్‌బ్లోలో ఇందుకోసమే ఒక పరిశోధన కేంద్రం వెలిసింది. ఇనుప రాయిని నలగ్గొట్టే ముందు పుట్టిన విద్య వడ్లు ఆడించే మిల్లుకి పనికొస్తే ఆశ్చర్యం ఏముంది?

జల్లెడకి మాథెరాన్ లెక్కల భాషలో మూడు గుణాలు చెప్పాడు. మన ఇళ్లల్లో అందరికీ తెలిసినవే. జల్లెడ కొత్తగా ఏదీ కలపదు, ఉన్నదాంట్లోంచి తీసేస్తుందంతే. ఎక్కువ పోస్తే మిగిలేది తగ్గదు. సన్న జల్లెడా ముతక జల్లెడా ఒకదాని తర్వాత ఒకటి పడితే, ఏది ముందు పట్టినా చివరికి ముతక జల్లెడ మాటే చెల్లుతుంది. ఈ మూడోదాంట్లో నీకొక మంచి పరీక్ష ఉంది. ఒకసారి ఓపెనింగ్ చేసిన చిత్రం మీద అదే కర్నెల్‌తో మళ్లీ ఓపెనింగ్ చెయ్యి. ఒక్క పిక్సెల్ కూడా మారకూడదు. మారిందంటే నీ కోడులో ఎక్కడో తేడా ఉంది, ఎక్కువగా సరి సంఖ్య కర్నెల్ దగ్గరే దొరుకుతుంది. ఇంకో మాట, ఓపెన్‌సీవీలో ఓపెనింగ్‌కి ఇటరేషన్స్ 3 అని ఇస్తే అది మూడుసార్లు ఓపెనింగ్ చెయ్యదు. మూడు ఎరోజన్లు, ఆపైన మూడు డైలేషన్లు చేస్తుంది. అంటే పెద్ద జల్లెడ ఒకసారి పట్టినట్టు.

కాగితం మీద ఒక్కసారి చేసి చూస్తే ఇది మనసులో నిలిచిపోతుంది. నీ ఫొటోలో ఒక వరసలో పక్కపక్క పిక్సెళ్ల వెలుగు ఇలా ఉందనుకో:

40, 42, 41, 180, 182, 181, 43, 41, 200, 40

మధ్యలో మూడు పిక్సెళ్ల వెడల్పున్న వస్తువు. చివర్లో 200 ఒక్కటే, తవుడు పొడి మెరుపు. మూడు పిక్సెళ్ల కర్నెల్ తీసుకుని ప్రతి చోటా తననీ ఇరుగుపొరుగునీ చూసి కనిష్ఠం రాస్తే ఎరోజన్:

40, 40, 41, 41, 180, 43, 41, 41, 40, 40

దీని మీద అలాగే గరిష్ఠం రాస్తే ఓపెనింగ్ పూర్తి:

40, 41, 41, 180, 180, 180, 43, 41, 41, 40

వస్తువు నిలిచింది. 200 పోయింది. ఆ 200 అసలు వస్తువు కన్నా ఎక్కువ వెలుగులో ఉంది కదా, థ్రెషోల్డ్ ఎంత పెట్టినా దాన్ని తీసెయ్యడం కుదరదు. గింజ ఉంటే అదీ ఉంటుంది, అది పోతే ముందు గింజ పోతుంది. వెలుగుని అడిగితే జవాబు రాని ప్రశ్నకి వెడల్పుని అడిగితే వచ్చింది. మార్ఫాలజీ చేసే పనంతా ఇదే. దీన్ని నలుపు తెలుపు చిత్రం మీదే చెయ్యాలని లేదు, పైన చూసినట్టు గ్రే చిత్రం మీదే నేరుగా చెయ్యొచ్చు. అసలు బలమంతా అక్కడే ఉంది.

నీ 412 సంగతికి వద్దాం. అందులో రెండు రకాల దొంగ లెక్కలున్నాయి.

మొదటిది వెలుతురు. నీ ట్యూబ్‌లైటు ఎడమ పక్కన ఉంది. ఫొటోలో ఎడమ వైపు గుడ్డ వెలుగు 90 దాకా ఉంది, అక్కడి గింజలు 200. కుడి కింది మూలన గుడ్డ 25, గింజలు 95. ఇప్పుడు చెప్పు, థ్రెషోల్డ్ ఎంత పెడతావు? 100 పెడితే కుడి మూల గింజలు పోతాయి. 85 పెడితే ఎడమ పక్క గుడ్డ అంతా తెల్లగా మారి, గుడ్డ నేతలోని పోగులన్నీ గింజల్లా లెక్కకి వస్తాయి. నువ్వు 85 దగ్గరలోనే పెట్టావు, అందుకే అన్ని తుంపులు.

దీనికి మందు టాప్-హ్యాట్. గింజ లోపల పట్టనంత పెద్ద గుండ్రటి కర్నెల్‌తో గ్రే చిత్రం మీద ఓపెనింగ్ చేస్తే గింజలన్నీ జల్లెడలోంచి జారిపోయి, గుడ్డ మీద వెలుతురు ఎలా పరుచుకుందో అది మాత్రం మిగులుతుంది. దాన్ని అసలు చిత్రంలోంచి తీసేస్తే ఎడమ వైపు గింజ 200లోంచి 90 పోయి 110, కుడి వైపు గింజ 95లోంచి 25 పోయి 70. గుడ్డ రెండు చోట్లా సున్నా దగ్గర. ఇప్పుడు 40 పెట్టినా, 50 పెట్టినా రెండు వైపులా గింజలు నిలుస్తాయి. ఇక్కడి నుంచి థ్రెషోల్డ్‌ని తనే ఎంచుకునే ఓట్సు పద్ధతిని కళ్లు మూసుకుని వాడొచ్చు.

కర్నెల్ ఎంత ఉండాలి? మ్యాట్‌ల్యాబ్‌తో వచ్చే బియ్యం బొమ్మ పాఠంలో డిస్కు 15 అని ఉంటుంది, అందరూ అదే కాపీ కొడతారు. ఆ బొమ్మ 256×256, అందులో గింజలకి ఆ సైజు సరిపోయింది. నీ ఫొటోలో గింజ వెడల్పు 19. కానీ గింజ ఒక్కటే చూస్తే చాలదు. రెండు గింజలు పక్కపక్కన ఆనుకుంటే 38, మూడు ఆనుకుంటే 57. మూడు గింజల గుంపులో కూడా కర్నెల్ పట్టకూడదు కాబట్టి 61 లేదా 71 వ్యాసం తీసుకో. మరీ పెద్దది తీసుకుంటే వెలుతురు మారే వేగాన్ని అది అందుకోలేదు, అంచుల్లో నీడలు మిగులుతాయి. అంత పెద్ద గుండ్రటి కర్నెల్ నిదానంగా నడుస్తుందని భయపడకు. చిత్రాన్ని నాలుగో వంతుకి కుదించి, 15 లేదా 17తో ఓపెనింగ్ చేసి, వచ్చిన వెలుతురు పటాన్ని మళ్లీ పెద్దది చెయ్యి. వెలుతురు మెల్లగా మారేదే కాబట్టి నష్టం ఏమీ ఉండదు.

రెండో దొంగ లెక్క గింజ లోపలే ఉంది. సాంబ మసూరి గింజ నడుమ అద్దంలా ఉంటుంది, నల్లగుడ్డ మీద పెడితే ఆ నలుపు లోపల్నుంచి కనబడుతుంది. థ్రెషోల్డ్ తర్వాత గింజ అంచు తెలుపు, నడుమ నల్ల చిల్లు. నువ్వు కాంటూర్లు తీసేటప్పుడు ట్రీ అనే ఆప్షన్ పెట్టావు. అది చిల్లుల్ని కూడా వేరే కాంటూర్లుగా ఇస్తుంది. ఎక్స్‌టర్నల్ అని మార్చు, లేదా అంతకన్నా మంచిది, కలిసి ఉన్న తెల్ల పిక్సెళ్లని ఒక్కో ముక్కగా లెక్కించే కనెక్టెడ్ కాంపొనెంట్స్ వాడు. అయితే ముందు ఆ చిల్లులు పూడ్చాలి, లేకపోతే విస్తీర్ణం తప్పు వస్తుంది. చిల్లులు పూడ్చడానికి చాలామంది పెద్ద క్లోజింగ్ చేస్తారు, అంటే ముందు డైలేషన్, తర్వాత ఎరోజన్. దయచేసి అది చెయ్యకు. నేను చేసి తప్పు లెక్క ఇచ్చాను.

చాలా ఏళ్ల క్రితం ఒక మిల్లులో ఇలాంటి ప్రోగ్రామే పెట్టాను. ఊరూ పేరూ వద్దు. 9 పిక్సెళ్ల క్లోజింగ్‌తో చిల్లులన్నీ శుభ్రంగా పూడాయి, తెర మీద గింజలు ముత్యాల్లా కనబడ్డాయి, నాకెంతో సంతోషం. అక్కడ శాంపిళ్లు చేత్తో ఏరే ఒక పెద్దావిడ ఉండేది. పళ్లెంలో బియ్యం పోసి, బొటనవేలితో జరుపుతూ నూకని ఒక పక్కకి నెట్టేది, చూపు తిప్పకుండా. మూడో రోజు తెర దగ్గరికి వచ్చి ఒక గింజ మీద వేలు పెట్టి, "బాబూ, ఇవి రెండు ముక్కలు కదా, నీ మిషను ఒకటంటోందేంటి?" అంది. నేను నమ్మలేదు. పళ్లెంలో అదే చోట చూస్తే నిజంగానే రెండు నూకలు, కొసకి కొస, మధ్యలో వెంట్రుకంత సందు. ఆ సందు నా క్లోజింగ్‌తో పూడిపోయింది. "ఇరిగిన కొస మొద్దుగా ఉంటది, పుట్టిన కొస సన్నగా ఉంటది, చూడు" అని వేలి మీద ఒక గింజ పెట్టి చూపించింది. ఆ రోజు పాత ఫొటోలన్నీ మళ్లీ తీసి చూస్తే, నా ప్రోగ్రాం మొదటి నుంచీ నూకని తక్కువ చేసి చెబుతోంది. నూక తగ్గితే లాటు పాసవుతుంది, పెరిగితే తిరిగి వస్తుంది. ఆ లెక్కని నమ్మి ఒకరు డబ్బు తీసుకుంటారు, ఇంకొకరు ఇస్తారు. అందుకే ఈ పనిలో తెర మీద బొమ్మ అందంగా ఉందా అని చూడ్డం మానేశాను.

చిల్లులు పూడ్చడానికి సరైన పద్ధతి ఇది. చిత్రం అంచు నుంచి నల్ల భాగంలోకి నీళ్లు వదిలినట్టు వదులు. నీళ్లు గింజల చుట్టూ, సందుల్లోకి కూడా పాకుతాయి, కానీ అంచు మూసుకున్న చిల్లులోకి పోలేవు. నీళ్లు చేరని నలుపంతా చిల్లే, దాన్ని తెల్లగా మార్చు. దీన్ని రీకన్‌స్ట్రక్షన్‌తో చిల్లు పూడ్చడం అంటారు, సైపై లైబ్రరీలో ఫిల్ హోల్స్ అని సిద్ధంగా ఉంది. గింజ చుట్టుగీతకి ఏ మార్పూ రాదు, వెంట్రుకంత సందు కూడా అలాగే ఉంటుంది.

మచ్చలు తీసెయ్యడానికి కూడా ఇదే కుటుంబంలోని పద్ధతి వాడు. 5 పిక్సెళ్ల గుండ్రటి కర్నెల్ చాలు. 12 పిక్సెళ్ల చిన్న నూకని అది ముట్టుకోదు, తవుడు పొడిని వదలదు. అయితే మామూలు ఓపెనింగ్ గింజ సన్నటి కొసని కాస్త గుండ్రం చేస్తుంది. పొడవే మనకి ప్రాణం కాబట్టి ఆ కాస్త కూడా పోకూడదు. ఎరోజన్ చేసినప్పుడు ఏ ముక్కలు ప్రాణంతో మిగిలాయో వాటిని విత్తనాలుగా పెట్టి, అసలు చిత్రం హద్దు దాటకుండా వాటిని పెరగనివ్వు. బతికినవి యథాతథంగా, కొసలతో సహా తిరిగి వస్తాయి. చచ్చినవి రావు. దీన్ని ఓపెనింగ్ బై రీకన్‌స్ట్రక్షన్ అంటారు. గ్రే చిత్రాల మీద దీన్ని వేగంగా చేసే దారిని లూక్ విన్సెంట్ 1993లో ప్రచురించాడు. సైకిట్-ఇమేజ్ లైబ్రరీలో రీకన్‌స్ట్రక్షన్ అనే పేరుతోనే ఉంది.

ఇక ఆనుకున్న గింజలు. ఇది కష్టమైన చోటు, కాస్త ఓపిగ్గా చదువు.

ప్రతి తెల్ల పిక్సెల్‌కీ అంచు ఎంత దూరమో రాస్తే డిస్టెన్స్ ట్రాన్స్‌ఫామ్ వస్తుంది. గింజ నడుమన అది 9 దాకా ఉంటుంది, అంచున 1. దాన్ని తలకిందులు చేస్తే ప్రతి గింజా ఒక గుంటలా మారుతుంది. ప్రతి గుంట అడుగునుంచీ నీళ్లు ఊరనివ్వు. రెండు చెరువుల నీళ్లు కలవబోయే చోట గట్టు కట్టు. ఆ గట్టే రెండు గింజల మధ్య హద్దు. వాటర్‌షెడ్ అంటే ఇదే. 1979లో బ్యూషే, లాంట్యుజూల్ అనే ఇద్దరు అదే ఫాంటెన్‌బ్లో బృందం నుంచి దీన్ని చిత్రాలకి తెచ్చారు.

గుండ్రటి నాణేలకి ఇది నేరుగా పని చేస్తుంది. బియ్యం పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒక చిక్కు వస్తుంది. గింజ నడుమ ఒక్క గుంట ఉండదు, పొడవునా ఒక కాలువ ఉంటుంది. ఆ కాలువ అడుగున అంచు గరుకుదనం వల్ల 9, 8.6, 9.1, 8.8 అంటూ చిన్న చిన్న గుంటలు పడతాయి. ఒక్కోదానికీ ఒక చెరువు పుట్టి, ఒకే గింజ నాలుగైదు ముక్కలవుతుంది. దీనికి హెచ్-మ్యాగ్జిమా వాడాలి. చుట్టుపక్కల కన్నా కనీసం ఇంత లోతు ఉంటేనే చెరువుగా లెక్కిస్తాం అని షరతు పెట్టడం. నీ గింజలకి 2 పిక్సెళ్లు పెట్టి చూడు. గరుకుదనం వల్ల పడే గుంట ఒక పిక్సెల్ కూడా లోతు ఉండదు, అది పూడిపోతుంది. రెండు గింజలు కొసలతో ఆనుకున్న చోట మెడ సన్నగా ఉండి దూరం 4కి దిగుతుంది, నడుమ 9 నుంచి 4కి అంటే అయిదు పిక్సెళ్ల తేడా. అక్కడ గట్టు పడుతుంది.

పక్కపక్కన పొడవునా అతుక్కుని పడుకున్న రెండు గింజల్ని మాత్రం వాటర్‌షెడ్ విడదీయలేదు. వాటి మధ్య మెడ ఉండదు, 38 పిక్సెళ్ల వెడల్పున్న ఒకే లావు గింజగా కనబడతాయి. దీనికి కోడులో కుస్తీ పట్టడం కన్నా పళ్లేన్ని అటూ ఇటూ నెమ్మదిగా కుదుపు. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. వస్తువుల్ని విడదీసే హక్కు నీ చేతిలో ఉన్నప్పుడు ముందు అక్కడ విడదీయాలి. బియ్యం తక్కువ పోసి, రెండు మూడు ఫొటోలు తియ్యి. అయినా మిగిలిన గుంపుల్ని పట్టుకోవడానికి అన్ని ముక్కల విస్తీర్ణాల మీడియన్ తీసుకుని, దానికి ఒకటిన్నర రెట్లు దాటినవాటిని ఎర్ర రంగులో చూపించు. వాటిని మనిషి చూసుకుంటాడు.

ఇప్పుడు నీ ప్రాజెక్టుకి గుండెకాయ లాంటి భాగం, నూకని వేరు చెయ్యడం. ప్రతి ముక్కకీ చుట్టూ కనిష్ఠ దీర్ఘచతురస్రం గీసి పొడవు కొలవొచ్చు, అది మామూలు దారి. కానీ మార్ఫాలజీలోనే ఒక అందమైన దారి ఉంది, రివ్యూలో ఇది చూపిస్తే అడిగేవాళ్లకి విషయం వెంటనే అర్థమవుతుంది. గుండ్రటి కర్నెల్ బదులు 38 పిక్సెళ్ల గీతని కర్నెల్‌గా తీసుకో. దాన్ని పదేసి డిగ్రీల చొప్పున తిప్పి పద్దెనిమిది దిక్కుల్లో ఓపెనింగ్ చెయ్యి. పద్దెనిమిది ఫలితాల్లో ప్రతి పిక్సెల్ దగ్గరా గరిష్ఠం తీసుకో. ఏదో ఒక దిక్కులో 38 పిక్సెళ్ల పుల్ల లోపల పట్టిన ముక్కలే మిగులుతాయి. వాటిని విత్తనాలుగా పెట్టి రీకన్‌స్ట్రక్షన్ చేస్తే పూర్తి గింజలు వస్తాయి. అసలు చిత్రంలోంచి వీటిని తీసేస్తే మిగిలినదంతా నూక. పది డిగ్రీల మెట్టు చాలదేమో అనుకోకు. గింజకీ గీతకీ మధ్య తేడా ఎంత ఎక్కువైనా అయిదు డిగ్రీలే, 38 పిక్సెళ్లకి అది మూడున్నర పిక్సెళ్ల లోపు పక్కకి జరుగుతుంది. 19 వెడల్పులో అది లెక్కలోకి రాదు.

రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. ఈ పని వాటర్‌షెడ్ గట్లు కట్టాకే చెయ్యాలి. లేకపోతే కొసకి కొస ఆనిన రెండు నూకల్లో పుల్ల హాయిగా పట్టేస్తుంది, ఆ పెద్దావిడ మళ్లీ వచ్చి వేలు పెట్టి చూపించాల్సి వస్తుంది. రెండోది, 35 పిక్సెళ్ల పొడవున్న మొద్దు ముక్కలో పుల్ల మూల నుంచి మూలకి ఏటవాలుగా పట్టే వీలుంది. ముప్పావు గీతకి అటూ ఇటూ మూడు నాలుగు పిక్సెళ్లలో ఉన్న ముక్కలకి దీర్ఘచతురస్రం పొడవు కూడా చూసి తేల్చు.

ఇదే పుల్ల పొడవుని 5, 10, 15 అని పెంచుకుంటూ పోయి, ఒక్కో మెట్టుకి ఎంత విస్తీర్ణం మిగిలిందో గ్రాఫు గియ్యి. ఏ పొడవు దగ్గర నిట్టనిలువుగా పడిందో అక్కడ ఎక్కువ గింజలున్నట్టు. మాథెరాన్ దీన్ని గ్రాన్యులోమెట్రీ అన్నాడు. మిల్లులో ఒకదాని కింద ఒకటి పేర్చిన జల్లెళ్ల వరసే ఇది. వేరే వంగడం ఫొటో ఇచ్చినా ఈ గ్రాఫే చెబుతుంది పూర్తి గింజ పొడవెంతో. 50 అనే అంకెని కోడులో రాసిపెట్టుకోవాల్సిన అవసరమే తప్పుతుంది.

లెక్క ఇచ్చేటప్పుడు ఒక విషయం మర్చిపోవద్దు. మిల్లుల్లో, కొనుగోలు కేంద్రాల్లో నూక శాతం అంటే బరువులో శాతం, గింజల సంఖ్యలో కాదు. వంద ముక్కల్లో నలభై నూకలున్నంత మాత్రాన నలభై శాతం నూక కాదు, ఆ నలభై ముక్కలూ కలిపి ఎంత తూగుతాయన్నదే లెక్క. ఫొటోలో బరువు కనబడదు. దగ్గరగా వచ్చేది విస్తీర్ణం. నూకల విస్తీర్ణాన్ని మొత్తం విస్తీర్ణంతో భాగించు. ఆ తర్వాత కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సన్న తూనిక అడిగి తీసుకుని, పది శాంపిళ్లలో నూకని చేత్తో ఏరి, తూచి, నీ విస్తీర్ణపు శాతం పక్కన రాయి. రెండింటికీ తేడా ఒకే వైపు వస్తుంటే దాన్ని సవరించొచ్చు. అటూ ఇటూ చిందరవందరగా వస్తుంటే విడదీయడంలో ఎక్కడో తప్పుంది, వెనక్కి వెళ్లి చూడాలి.

యోలో గురించి అడిగావు. మంచి పనిముట్టే, నేనూ వాడతాను. పొలంలో పంట మధ్య కలుపు మొక్కని పట్టుకోవాలన్నా, రోడ్డు మీద ఆటోని పట్టుకోవాలన్నా మార్ఫాలజీ చేతులెత్తేస్తుంది, అక్కడ నేర్చుకునే మోడలే కావాలి. రంగు మారిన గింజ, పురుగు తిన్న గింజ, వేరే వంగడం కలిసిన గింజ లాంటివి గుర్తించాలన్నా అంతే. కానీ నీ ప్రశ్న పొడవు గురించి. మోడల్ పెట్టె గీసి "ఇది నూక, 87 శాతం నమ్మకం" అంటుంది. ఎందుకు నూక అని మిల్లరు అడిగితే ఆ పెట్టె దగ్గర జవాబు లేదు. 38 పిక్సెళ్ల పుల్ల ఇందులో పట్టలేదండీ, అందుకు నూక అని నువ్వు చెప్పగలవు, స్కేలు పెట్టి చూపించగలవు. పైగా మోడల్‌కి నేర్పడానికి వేల గింజలకి చేత్తో గుర్తులు పెట్టాలి. మూడు వారాల్లో ఆ పని ఎవరు చేస్తారు? రేపు మోడల్ కావాలన్నా, దానికి గుర్తులు పెట్టిచ్చేది ఈ ప్రోగ్రామే.

పని మొదలుపెట్టే ముందు ఫొటో మళ్లీ తియ్యి. నల్ల వెల్వెట్ గుడ్డ దొరికితే మంచిది, నేత పోగులు మెరవవు. లైటు ఒక పక్క నుంచి కాకుండా రెండు వైపుల నుంచీ పడాలి. ఫోన్‌ని చేత్తో పట్టుకోకు, రెండు డబ్బాల మీద అద్దం పలక పెట్టి దాని మీద బోర్లించు. ఫొటో వాట్సాప్‌లో పంపించుకోకు, అది నలిపేస్తుంది, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసుకో. మొదటి రోజు పది ఫొటోలు తీసి, వాటిలో గింజల్ని, నూకల్ని చేత్తో లెక్కపెట్టి పెట్టుకో. కోడు మార్చిన ప్రతిసారీ ఆ పదింటి మీదా నడిపి, చేతి లెక్క పక్కన రాసుకో. ఎక్కడ తేడా పడిందో ఆ ఫొటో, ఆ గింజ పెద్దది చేసి ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం. పది రూపాయల బిళ్ల మాత్రం ప్రతి ఫొటోలో ఉండాలి.